రెండు వేళ్ళ సందు

మా బావ పోయాడు. పొద్దున టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మా మేనకోడలు ఫోను చేసి, "మామా, బాపు పోయిండు. నిద్రల్నే," అంది. నేను గ్లాసు కింద పెట్టాను. తర్వాత ఆమే అందుకుని, "నిన్న పొద్దుమీకి గూడ గేటు కాడ కూసోని లొల్లి చేసిండు మామా," అంది.

లొల్లి ఎవరితో అంటే, దారిన పోయే స్కూటరు కుర్రాళ్ళతో. హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకొని పోతున్న ఒకణ్ణి ఆపి, "ఏం బిడ్డా, పడితె మోచెయ్యి మీద్నే పడతనని ఎవలన్న చెప్పిన్రా?" అని అడిగాడట. వాడు నవ్వి, తలకు పెట్టుకున్నాడట. అంతటితో ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు? "పట్టీ ఎవడు బిగిస్తడు, మీ తాతనా?" అన్నాడట. అదీ ఆయన చివరి సాయంత్రం. ఆ మనిషికి అంతకంటే తగిన సాయంత్రం నేను కల్పించమన్నా కల్పించలేను.

బావ అంటే మా అక్క పెనిమిటి. మాది హైదరాబాదు పాతబస్తీలోని జహనుమాలో బర్రెల కొట్టం, పాల వ్యాపారం. ఆయనది గుర్రాల కొలువు. పచ్చగడ్డి బండి దగ్గర మా నాయనకూ ఆయనకూ జగడమైంది. నా బర్రెలు ముందా, నీ గుర్రాలు ముందా అని. ఆ జగడం ముదిరి ముదిరి చివరికి సంబంధమైంది. పెళ్ళిలో కూడా మా నాయన, "గడ్డి కోసం పిల్లనిచ్చిన," అని చెప్పుకుని నవ్వాడు.

ఇప్పటివాళ్ళు అడగవచ్చు, పాతబస్తీలో గుర్రపుస్వారీ ఏమిటని. డెబ్బయ్యవ దశకంలో అడిగి ఉంటే మిమ్మల్నే వింతగా చూసేవాళ్ళు. రోడ్డు మీద టాంగాలు ఇంకా తిరుగుతుండేవి. పెళ్ళికొడుకు గుర్రమెక్కకుంటే అది పెళ్ళి కాదన్నట్టు ఉండేది. బార్కస్ దాటాక, రాళ్ళగుట్టల పక్కన, ఒక స్వారీ క్లబ్బు ఉండేది. ఆఫీసర్ల పిల్లలూ, బార్కస్ పహిల్వాన్లూ, అప్పుడప్పుడు మావంటి ఇండ్ల పిల్లలూ అక్కడ స్వారీ నేర్చుకునేవాళ్ళు. మా బావ అక్కడ మాస్టరు. ఆయన తండ్రి టాంగా తోలేవాడు. ఈయన గుర్రాలకు మాలీషు చేస్తూ మొదలై, వాటిమీదికెక్కి, ఆ తర్వాత ఇతరులను ఎక్కించే దాకా వచ్చాడు. వినయం అనేది ఆయన గుమ్మం దాకా వచ్చినా, నీళ్ళు కూడా అడగకుండా పంపించేవాడు. "హైదరాబాద్‌ల నా లెక్క టోపీ పెట్టేటోడు ఇంకొకడుంటె చూపియ్యి," అనేవాడు. చూపించడానికి నా దగ్గర ఎవరూ లేరు కాబట్టి ఒప్పుకునేవాణ్ణి.

టోపీ అంటే స్వారీ టోపీ. పైన మఖ్మల్ గుడ్డ, దాని కింద గట్టి చిప్ప, లోపల కార్కు, తల చుట్టూ మెత్తటి పట్టీ, గడ్డం కింద తోలు బెల్టు. బొంబాయి నుంచి అట్టపెట్టెల్లో వచ్చేవి. ఆదివారం పూట మా అక్క వాళ్ళ అరుగు మీద పంచాయితీ మాదిరి సాగేది. కొత్తగా స్వారీ నేర్చుకునేవాళ్ళు వచ్చి వరుసగా కూర్చునేవాళ్ళు. బావ ఒక్కొక్కరి తలను రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని తడిమేవాడు. ఆ తర్వాత తీర్పు. "నీది దోసకాయ." "నీది కొబ్బరికాయ." "నీది కంద, దీనికేది సరిపోతదో దేవునికే తెలవాలె." పొడవు తలకు గుండ్రటి టోపీ పెడితే ముందూ వెనకా నొక్కుతుంది, పక్కలు వదులుగా ఉంటాయి. గుండ్రటి తలకు పొడవు టోపీ పెడితే కణతల దగ్గర పట్టేస్తుంది. టేపు చుట్టుకొలత చెప్తుందిగానీ తల ఆకారం చెప్పదు కదా అని ఆయన వాదన.

నా తల సంగతీ అడగండి. ఒకసారి సరదాకు నేనూ కూర్చున్నాను. పెట్టెలో ఉన్నవన్నీ పెట్టి చూసి, "బామ్మర్దీ, నీకు పాలబిందెనే గతి," అన్నాడు. అప్పటినుంచి మా వాడలో చాలా రోజులు నన్ను అలాగే పిలిచారు.

నేను బడికి పోయింది తక్కువ. సామాన్లు చుట్టి వచ్చిన పత్రిక కాగితాలు చదివి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. కాగితం చిరిగిన చోట ఒక సంగతి ఆగిపోయి ఇంకో సంగతి మొదలయ్యేది. అందుకే నా మాటా అట్లాగే పోతుంది. టోపీ దగ్గరికే వస్తాను.

తల ఆకారం కుదిరాక చాయ్ పరీక్ష. టోపీ పెట్టి, బెల్టు బిగించకుండా, మా అక్క ఇచ్చిన చాయ్ తాగాలి. నిదానంగా, ముచ్చట చెప్తూ. చాయ్ అయ్యాక టోపీ తీసి నొసలు చూసేవాడు. పట్టీ గుర్తు చుట్టూ సమానంగా పడితే మంచిదే. ఒక్కచోటే ఎర్రగా కమిలితే ఆ టోపీ ఆ తలది కాదు. తర్వాత మళ్ళీ పెట్టి, టోపీ అంచు పట్టుకుని మెల్లగా కదిపేవాడు. టోపీతోపాటు కనుబొమ్మలు కూడా కదలాలి. "టోపీ ఒక దిక్కు, నొసలు ఒక దిక్కు పోయినయంటె, పడ్డనాడు తల ఇంకో దిక్కు పోతది," అనేవాడు. ఆఖరున బెల్టు. గడ్డం కింద తన రెండు వేళ్ళు దూర్చి చూసేవాడు. రెండు దూరాలి, మూడోది దూరకూడదు.

మన ఇండ్లల్లో ఒక అలవాటుంది. పెరిగే పిల్లకు ఏది కొన్నా రెండేళ్ళకు సరిపడా పెద్దది కొంటాం. టోపీ విషయంలో కూడా తల్లులు అదే అడిగేవాళ్ళు. "ఇంకొంచెం పెద్దది ఇయ్యున్రి మాస్టరూ, లోపల రుమాలు మడిచి పెడ్తం." బావకు ఆ రుమాలు మాట వింటే ఒళ్ళు మండేది. "అంగీ పెద్దది కొను తల్లీ, చెప్పులు పెద్దయి కొను. రుమాలు పెట్టి టోపీ పెడితె, పడేటప్పుడు రుమాలు ఒక్కటే తలమీదుంటది," అనేవాడు. నేనొకసారి నా స్కూటరు హెల్మెట్ తెచ్చి, ఇది పనికిరాదా అన్నాను. "దీన్ల చెవులు మూసుకపోతయి బామ్మర్దీ. ఎనకకెల్లి ఇంకో గుర్రం ఉరికొస్తె నీకెవడు చెప్తడు, బర్రెలా?" అన్నాడు.

ఇక అసలు సంగతి.

మా మేనకోడలికి అప్పుడు పద్దెనిమిదో పంతొమ్మిదో. తండ్రి వెంట క్లబ్బుకు పోయి పోయి, షబ్నం అనే ఎర్రగుర్రం మీద కర్రలు దూకించే దాకా వచ్చింది. క్లబ్బులో ఏటా ఒక పోటీ పెట్టేవాళ్ళు. ఆ ఏడు ఈ పిల్ల పేరు కూడా చేర్చారు. మా వాడ ఆడపిల్ల పేరు ఆ పోటీలో చేరడం అదే మొదలు. పిల్ల నేలమీద నడవడం మానేసిందనుకోండి. కొట్టంలోకి వచ్చినా బర్రెల మీదుగా దూకేటట్టు చూసేది.

ఆ నెలల్లోనే బావ క్లబ్బు గుర్రాలను తోలుకుని పుణే పోయి ఉన్నాడు. ఆయన లేనప్పుడు క్లబ్బులో ఒక ముచ్చట జరిగింది. బార్కస్ భాయ్ ఒకాయన, ఆరడుగుల మనిషి, మొండిగుర్రం విసిరేస్తే పోయి రాతిగోడకు తల కొట్టుకున్నాడు. అందరూ అయిపోయాడనుకున్నారు. ఆయన లేచి, దులుపుకుని, గుర్రాన్ని దాని ముత్తాతల దాకా తిట్టి, మళ్ళీ ఎక్కాడు. అంతే, ఆ టోపీ దశ తిరిగింది. బర్కత్ ఉన్న టోపీ, దేవుడి దయ ఉన్నది అన్నారు. భాయ్ దానికి తావీజు అనే తాయెత్తు కట్టాడు. మాలీషువాళ్ళు నిమ్మకాయ గుచ్చారు. మొండిగుర్రం ఎక్కాల్సినవాళ్ళు ముందు దాన్ని అడిగి తీసుకుపోయేవాళ్ళు. సంగతి మా అక్క చెవిలోనూ పడింది. ఆమె ఒకటే మాట పట్టుకుంది.

"ఆ టోపీ పెడితెనే నా బిడ్డ ఎక్కుతది. లేకుంటె గుర్రం లేదు, పోటీ లేదు."

బావ పుణే నుంచి దిగేసరికి ఇల్లు ఈ స్థితిలో ఉంది. మరునాడు సాయంత్రం భాయ్ స్వయంగా వచ్చాడు. టోపీని పళ్ళెంలో పెట్టి, మీద జరీ గుడ్డ కప్పి తెచ్చాడు. నేను పాలు పోయడానికి పోయి అక్కడే ఇరుక్కున్నాను.

"భాభీ, మేరీ జాన్ బచాయీ సో టోపీ. ఇది బిడ్డ కోసం. వాపస్ నక్కో, ఉంచుకోండ్రి," అన్నాడు భాయ్. తన ప్రాణం కాపాడిన టోపీ, తిరిగివ్వొద్దని.

మా అక్క కళ్ళకద్దుకుంది. పిల్ల మాత్రం తండ్రి ముఖం చూసింది. బావ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. కర్బూజా కొనేవాడిలాగా చెవి దగ్గర పెట్టుకుని, రెండు అరచేతులతో పక్కలనుంచి మెల్లగా నొక్కాడు. దాన్ని మా అక్కకు ఇచ్చాడు.

"గిట్ల నొక్కు. ఇను."

లోపల కరకరమంది. గుడ్డలో మూటగట్టిన అప్పడాలు నలిగిన చప్పుడు. బావ లోపలి పట్టీ విప్పి, కార్కు పక్కకు జరిపి చూపించాడు. చిప్పలో వెంట్రుకవాసి గీత ఒకటి కణత దగ్గర మొదలై నడినెత్తి దాకా పోయింది. కార్కు పొడిపొడిగా ఆయన అరచేతిలో రాలింది. భాయ్ ముఖం తెల్లబోయింది. చెయ్యి తనకు తెలియకుండానే కణతమీదికి పోయింది.

"నువ్వు బతికినవ్ భాయ్, ఇది సచ్చింది," అన్నాడు బావ. "ఒక్కపారి దెబ్బ తిన్న టోపీ రెండో దెబ్బ ఆపది. పైకెల్లి చూస్తె నవనవలాడుతది. లోపల ఏం లేదు."

"పగిలితె ఏమైంది?" అంది మా అక్క. "పగిలి గూడ మనిషిని కాపాడింది గదా. కొత్తదాన్కి ఆ గుణం ఉన్నదని నీకెట్ల ఎర్క?"

ఇక మొదలైంది. బావ అరిచాడు. మా అక్క అరవలేదు, అరిస్తే వినే మనిషీ కాదు. "నీ బిడ్డ తల పగిలినంక ఎర్కైతదా?" అన్నాడాయన. "నోరు మంచిగుంచుకో," అందామె. పిల్ల అరుగు చివర కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఆ టోపీ పెట్టుకుంటే తండ్రి ఎక్కనియ్యడు, పెట్టుకోకుంటే తల్లి ఎక్కనియ్యదు. భాయ్ పాపం, మంచికి పోయి ఇరుక్కుని, "మాస్టర్ సాబ్, జర ఠండే రహో," అని బావను చల్లబరచబోతున్నాడు. ఎవరినైనా ఒప్పించగలనని విర్రవీగే మా బావ ఆ సాయంత్రం ఒక్క మనిషిని ఒప్పించలేకపోయాడు. ఆయన అట్లా చేతులు దిగవేసుకుని కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

మా అక్క టోపీని ఒళ్ళో పెట్టుకుని, ఆ గీత మీద వేలితో రాస్తూ కూర్చుంది. కణత దగ్గరనుంచి నడినెత్తి దాకా, మళ్ళీ వెనక్కి. ఎంతసేపో. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"తమ్మీ, దిష్టి తీసిన గుమ్మడికాయను ఎవలన్న మళ్ళ ఇంట్లకు తెచ్చుకుంటరా?"

"తెచ్చుకోరు."

"కూర వండుకుంటరా?"

"ఎందుకు వండుకుంటరక్కా!"

"మరి గిదేంది? ఈ భాయ్ మీదికొచ్చిన దాన్నంతా ఇది గుంజుకున్నది. గా కీడు దీన్లనే ఉన్నది. దీన్ని నా బిడ్డ నెత్తిన పెడ్తనా?"

ముందుగా భాయ్ తేరుకున్నాడు. "సచ్ బోలే భాభీ. బలా లేలియా సో చీజ్, ఘర్ మే నక్కో," అన్నాడు. మీద పడబోయిన ఆపదను మోసిన వస్తువు ఇంట్లో వద్దని ఆయన ఇంట్లోనూ ఉన్న మాటే. తన చేత్తోనే తావీజు విప్పి, కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

మా అక్క ఆ టోపీని కూతురి చుట్టూ తిప్పింది. ఆగి, "నువ్వు గూడ రా భాయ్," అని ఆ ఆరడుగుల మనిషిని వంగమని, ఆయన చుట్టూ కూడా తిప్పింది. ఆయన బుద్ధిగా వంగాడు. తర్వాత అందరం మూడుబాటల దగ్గరికి నడిచాం. మా అక్క టోపీని నేలకేసి కొట్టింది. గుమ్మడికాయ అయితే పగిలేది. ఇది ఎగిరి, దొర్లుకుంటూ పోయి మోరీ పక్కన నిలబడింది. పాలకొచ్చిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చివరికి బావ రోకలి తెచ్చి, మళ్ళీ ఎవరూ ఏరుకుపోయి పెట్టుకోకుండా, ముక్కలయ్యేదాకా దంచాడు.

ఆ మాట తర్వాత ఆయన సొంతమైపోయింది. ఎన్నేళ్ళయినా, కొత్తవాళ్ళెవరు వచ్చినా, "దెబ్బ తిన్న టోపీ దిష్టి గుమ్మడికాయ అసుంటిది," అని మీసం దువ్వుకుని చెప్పేవాడు. లోపలినుంచి మా అక్క, "ఎవల మాట అది?" అనేది. "మనదే," అనేవాడు బావ, తడుముకోకుండా.

మర్నాడు పిల్లకు కొత్త టోపీ. ఆ కొలత నేను మరచిపోలేను. అక్క పొద్దున్నే పిల్ల తలకు గిన్నెడు నూనె పెట్టింది, బిడ్డ చల్లగా ఉండాలని. బావ చూసి, "దీనిమీద టోపీ సబ్బుబిళ్ళ లెక్క జారుతది," అని కుంకుడుకాయలు కొట్టించి తలంటించాడు. ముడి వద్దన్నాడు. "పోటీ నాడు ఎట్ల అల్లుకుంటవో ఇయ్యాల గట్లనే అల్లుకో," అన్నాడు. మెడ మీదికి దిగేటట్టు మా అక్క జడ వేసింది. టోపీ అంచు బొట్టుకు పైన ఒక వేలి ఎత్తులో నిలిచింది. వంగి తల విదిలించమన్నాడు, బెల్టు లేకుండానే నిలిచింది. వెనకనుంచి పైకి తోశాడు, ముక్కు మీదికి జారలేదు. పిల్ల చాయ్ తాగింది. మా అక్క కూడా ఈసారి పక్కనే కూర్చుని, కూతురి నొసటి మీద గుర్తును వేలితో చుట్టూ తడిమి చూసింది.

"సమానంగ పడ్డది," అంది.

"మాస్టరమ్మ చెప్పినంక అప్పీలు లేదు," అన్నాడు బావ. అప్పుడు గడ్డం కింద రెండు వేళ్ళు దూర్చాడు. "అమ్మా, నువ్వు గూడ పెట్టి చూడు," అంది పిల్ల. మా అక్క రెండు వేళ్ళు దూర్చి, కూతురి గడ్డం పట్టుకుని కాసేపు అట్లాగే ఉండిపోయింది.

పోటీనాడు మా వాడ సగం మైదానంలోనే ఉంది. షబ్నం ఒక్కొక్క కర్రా దాటుతుంటే మా అక్క నా భుజం పిండేసింది. ఆఖరి కర్ర దగ్గర ఎవరి గొడుగు ఎగిరిందో ఏమో, షబ్నం బెదిరి నిలువునా ఆగిపోయింది. గుర్రం ఆగిందిగానీ పిల్ల ఆగలేదు. మెడమీదుగా ఎగిరి, తల ముందుగా, ఎండిన నేలమీద పడింది. ఆ చప్పుడు నేను విన్నాను. ఇప్పటికీ రాయడానికి మనసొప్పదు.

బావ ఉరికాడు. వెనక భాయ్. ఆమెను లేపలేదు, కదపనివ్వలేదు. పక్కనే మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"బిడ్డా, నీ పేరేంది?"

కళ్ళు తెరిచి చూసింది. "నువ్వు పెట్టిందే," అంది.

మా బావ నవ్వుతూ ఏడవడం ఆ ఒక్కసారే చూశాను. డాక్టరు వచ్చి చేతులూ కాళ్ళూ మెడా అన్నీ చూసి, లేవచ్చన్నాడు. లేచిన పిల్ల టోపీ తీసి చూసుకుంది. కొత్త మఖ్మల్ మీద ఇంత మట్టి. "మంచిగనే ఉన్నది బాపు," అంది ఆశగా. బావ ఏమీ అనవలసిన పని లేకపోయింది. మా అక్క కూతురి చేతిలోంచి టోపీ లాక్కుని, ఆ మైదానంలోనే, ఆఫీసర్ల భార్యలందరూ చూస్తుండగా, పిల్ల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. "ఇంటికి వొయ్యి రోకలి తే తమ్మీ," అంది. అప్పటికే భాయ్ ఒక బండరాయి ఎత్తుకుని వస్తున్నాడు.

పిల్ల ఆ ఏడు గెలవలేదు. తర్వాత ఏళ్ళలో గెలిచింది. ఆ తర్వాత తండ్రి అరుగు మీద తానే కూర్చుని తలలు తడిమింది. మా అక్క పోయి చాలాకాలమైంది. ఆమె పోయాక దిష్టి గుమ్మడికాయ మాట చెప్పినప్పుడల్లా బావ, "మా ఇంటామె మాట," అని పేరు మార్చి చెప్పడం మొదలుపెట్టాడు. లోపలినుంచి ఎవరూ అడగకపోయినా.

మొన్న ఫోను పెట్టేసి నేను పోయేసరికి ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టారు. నోరు తెరుచుకోకుండా, మన పద్ధతి ప్రకారం, గడ్డం కింది నుంచి నెత్తిమీదికి తెల్లగుడ్డ కట్టారు. ఎవరో బంధువు కట్టి లేచాడు. మా మేనకోడలు, ఆమెకిప్పుడు సగం జుట్టు నెరిసింది, తండ్రి పక్కన కూర్చుని అట్లాగే చూస్తూ ఉంది. కాసేపటికి చెయ్యి చాపి, గడ్డం కింద ఆ గుడ్డలోకి రెండు వేళ్ళు దూర్చింది. దూరలేదు. ముడి విప్పి, కొంచెం వదులు చేసి, మళ్ళీ కట్టింది. మళ్ళీ వేళ్ళు దూర్చి చూసింది.

"ఇప్పుడు మంచిగున్నది," అంది. వేళ్ళు మాత్రం వెంటనే తియ్యలేదు.